సముద్రం లేని బందరు పటం

పోయిన వారం మా పై వాటాలోకి కొత్తగా అద్దెకొచ్చిన లెక్చరరుగారు, తమ పేర వచ్చిన కవరుని కొరియరువాడు మా ఇంట్లో ఇచ్చిపోతే తీసుకోవడానికి కిందికి వచ్చారు. కవరు తీసుకుని వెళ్లిపోతే ఏ గొడవా ఉండేది కాదు. ముందు గదిలో గోడకున్న పటం దగ్గర ఆగారు. కళ్లజోడు పైకి తోసి, చేతులు వెనక్కి కట్టుకుని, స్కూలు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులా కాసేపు చూశారు. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడని నేను లోపల పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. అడిగారు. "చాలా బాగుందండీ పటం. అంచు చుట్టూ ఆ గొలుసు, మూల ఆ దిక్కుల పువ్వు, ఒడ్డు పొడుగునా తాడిచెట్లు... ఎంత ఓపికండీ! కానీ సముద్రంలో ఏమీ వెయ్యలేదేమండీ?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియను నిచ్చెన మీద నుంచే అడిగాడు. ఇన్సూరెన్సు ఏజెంటు అడిగాడు. మా వియ్యపురాలైతే, "పోనీ నీలం రంగన్నా వేయించకపోయారా అన్నయ్యగారూ, నిండుగా ఉండేది" అని సలహా కూడా ఇచ్చింది. వియ్యపురాలిని ఏమీ అనకూడదు గనక అనలేదు. మరిచిపోనూ లేదు. ఇకమీదట ఎవరడిగినా ఈ కాగితాలు చేతికిచ్చి కూర్చోబెట్టదలుచుకున్నాను. ఇది చదివాక కూడా రంగు వెయ్యమనేవాళ్లుంటే వాళ్లకి మా ఇంట్లో కాఫీ ఉండదు.

నేను ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇతరుల తప్పులు గుర్తుంచుకోవడానికే గవర్నమెంటు నాకు జీతమిచ్చింది. పెన్షను వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. సర్వీసులో ఉండగానే నాకు పాత పుస్తకాల పిచ్చి పట్టుకుంది, అందులోనూ ఓడల పుస్తకాలు. కాలవల్లో పడవలు కూడా ఆగిపోయిన బెజవాడలో కూర్చుని ఈ ఓడల గోలేమిటని అడగనివాళ్లు లేరు. ఏలూరు రోడ్డు పక్కన గోనెపట్టాల మీద పరిచిన పోటీపరీక్షల గైడ్ల కింద నుంచి ఒకరోజు నాకు దొరల కాలం నాటి దీపస్తంభాల జాబితా ఒకటి దొరికింది. ఏ రేవు దగ్గర ఏ రంగు దీపం, ఎంత దూరానికి కనబడుతుంది, ఏ నెలలో మంచు అడ్డొస్తుంది, అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం చదువుతుంటే గుణదల అద్దె ఇంట్లో కుర్చీలో ఉన్న మనిషిని ఎక్కడికో వెళ్లిపోయాను. ఆ తరవాత రేవు నిబంధనల పుస్తకాలు, ఓడలకి దారి చెప్పే పుస్తకాలు, జెండాలతో మాట్లాడుకునే సంకేతాల పుస్తకం, ఎప్పటివో ఆటుపోట్ల పట్టికలు చేరాయి. మా ఆవిడ ఆ పట్టికల్ని "ఎప్పుడో వెళ్లిపోయిన రైళ్ల టైంటేబుళ్లు" అనేది. మా బావమరిది ఒక ఆదివారం భోజనానికొచ్చి దీపస్తంభాల జాబితా మీద వేడి సాంబారు గిన్నె పెట్టాడు. కాకినాడ దీపం చుట్టూ ఆ గుండ్రటి మరక ఇప్పటికీ ఉంది. "పోనీలెండి బావగారూ, ఆ దీపం ఈపాటికి ఆరిపోయే ఉంటుంది" అన్నాడు. ఇంకోసారి పుస్తకాల పండగలో ఒక ప్రొఫెసరుగారు, నేను చేత్తో పట్టుకుని చూస్తున్న పాత నౌకాయానం పుస్తకం చూసి, "మీరు ఏ యూనివర్సిటీ అండీ?" అన్నారు. ఆడిట్ ఆఫీసన్నాను. "ఓహో" అని ఆ పుస్తకం నా చేతుల్లోంచి మెల్లిగా తీసుకుని, "ఇది మాలాంటివాళ్లకి పనికొస్తుందిలెండి" అని కొనుక్కుని వెళ్లిపోయారు. ఆయన వేసుకున్న చొక్కా గళ్లు కూడా నాకు గుర్తున్నాయి.

నాకు కావలసింది బందరు రేవు పటం. బందరు ఒడ్డుకి ఓడలు రాలేవు. దూరంగా సముద్రంలో లంగరు వేసుకుంటే సరుకంతా పడవల్లోకి దించి, కాలవ నోటి దగ్గర అడ్డంగా పడుకున్న ఇసుక మేట దాటించి లోపలికి తేవాలి. పోటు మీద ఆ మేట పైన ఎంత నీరుంటుంది, పాటులో ఎంత మిగులుతుంది, ఎటునుంచి పడవ పోనిస్తే నేల తగలదు, బందరు వైభవమంతా ఆ కాసిని నీళ్ల మీద నడిచిందని నా వాదన. రేవు ఆఫీసువాళ్లు ఆ మేటని తామే కొలిపించి, లోతులన్నీ అంకెలేసి పటాలు గీయించేవారని ఒక నిబంధనల పుస్తకంలో చదివాను. ఆ పటం ఎక్కడా లేదు. లైబ్రరీల్లో లేదు, ఆఫీసు బీరువాల్లో లేదు. అడిగినచోటల్లా నన్ను బందరు లడ్డు ఎక్కడ బాగుంటుందని అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు.

అది నాకు దొరికింది కంకిపాడులో, ఒక పెళ్లి భోజనాల బల్ల దగ్గర. తొంభైల చివర మాట. మా ఆవిడకి పెద్దమ్మ, అంటే నాకు పెద్దత్తగారు, బందరులో ఒక్కతే ఉండేది. ఆవిడకి పిల్లల్లేరు. చెల్లెళ్ల పిల్లలకీ, వాళ్ల పిల్లలకీ పురుళ్లు పోసింది మాత్రం ఆవిడే. బల్ల దగ్గర ఎవరో పసిపిల్లల బట్టలు ఈ రోజుల్లో గరుకుగా వస్తున్నాయని అంటే ఆవిడ అరటాకు మీద నుంచి తలెత్తకుండా, "మా మామగారి పటాల గుడ్డ ముందు ఏ బట్టయినా ఎందుకు పనికొస్తుందే" అంది. నేను పులిహోర వదిలేశాను. "పటాల గుడ్డ ఏమిటండీ అత్తయ్యగారూ?"

ఆవిడ మామగారు బందరు రేవు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మనట. పటాలు కాగితం మీద కాకుండా ట్రేసింగ్ క్లాత్ మీద గీసేవారు. సన్నటి నేత గుడ్డకి గంజి దట్టంగా పట్టించి, అద్దంలా మెరిసేట్టు నున్నగా చేస్తే అదే ట్రేసింగ్ క్లాత్. కొత్త పటం గీశాక పాతది రద్దు చేసి ఇంటికి పట్టుకుపొమ్మనేవారు. బట్ట రేషను మీద దొరికే కంట్రోలు రోజుల్లో ఇంట్లో పిల్ల పుడితే, ఆయన ఆ పటాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టించేవారట. గంజి వదిలి, దానితోపాటు సిరా లేచిపోయి, వెన్నలాంటి గుడ్డ మిగిలేది. పురుటి స్నానం అయ్యేదాకా పసిపిల్ల ఒంటి మీద కొత్త బట్ట వెయ్యకూడదు, పాత బట్టే వెయ్యాలి. దాంతో జుబ్బాలు కుట్టేవారు. కంట్రోలు పోయింది గానీ ఆనవాయితీ మిగిలింది. పెద్దత్తగారు వేళ్లు మడిచి చెబుతూ పోయింది. మా పెద్ద బావమరిదికి కస్టమ్స్ గోడౌన్ల పటం. సాంబారు బావమరిదికి లైట్‌హౌసు. "నీ పెళ్లానికి దివి పాయింటు. చాలా పెద్ద పటం, రెండు జుబ్బాలూ ఒక కుచ్చుల టోపీ వచ్చాయి."

నేను తాళి కట్టిన మనిషి పుట్టగానే దివి పాయింటు తీరమంతా తడిపేసిందని పెళ్లయిన ఇన్నేళ్లకి నాకు తెలిసింది. మా ఆవిడ వైపు చూస్తే ఆవిడ హాయిగా గారె తింటోంది. "ఇంకేమైనా మిగిలాయా?" అన్నాను. "ఒకటుంది. కాలవ మొగది" అంది పెద్దత్తగారు.

మర్నాడే మొదటి బస్సుకి బందరు వెళ్లాను. అటక మీద నుంచి రేకు గొట్టం దింపించి, మంచం మీద దుప్పటి పరిచి, ఆవిడ పటం విప్పింది. లేత నీలం మెరుపు, పాత గంజి వాసన. కాలవ మొగ, అంటే నోరు, దాని ముందు చంద్రవంకలా ఇసుక మేట, చుట్టూ సముద్రం నిండా చీమల బారులా లోతుల అంకెలు. మేట మీద అడుగుల్లో, బయట సముద్రంలో బారల్లో. ఇన్నేళ్లు నేను వెతికింది ఇదే. నా చెయ్యి పటం మీద పడకముందే ఆవిడ దాన్ని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. ఇవ్వమన్నాను. "ఇది మన అమ్మాయి కడుపున కాసే కాయకి" అంది. మన అమ్మాయంటే నా కూతురు. అప్పటికి దానికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మా అమ్మాయి పుట్టినప్పుడు పెద్దమామగారు జబ్బుతో ఆస్పత్రిలో ఉండటం వల్ల ఆవిడ రాలేకపోయింది, జుబ్బా కుట్టలేకపోయింది. ఆ ఒక్క పిల్లకే లోటు జరిగిందని ఆవిడ మనసులో ఉండిపోయిందట.

"దానికి కావలిస్తే నేను వంద జుబ్బాలు కొంటానండీ" అన్నాను.

"కొత్తవి వెయ్యకూడదని చెప్పాగా అల్లుడుగారూ."

"పాతవే ఇస్తాను. నా పంచెలున్నాయి, మెత్తగా నలిగినవి."

"మీ పంచెలా? ఆ గరుక్కి మీ ఒళ్లు గనక ఆగింది. పసిదాని తోలు ఊడొస్తుంది."

చరిత్ర అన్నాను, దేశంలో ఇంకో కాపీ లేదన్నాను, ఇంత పని చేసిన మీ మామగారి పేరు నిలబడుతుందన్నాను. ఆవిడ గొట్టం మూత బిగిస్తూ, "గీసినాయనే తడిపాడు. ఆయనకి లేని బాధ మీకెందుకు నాయనా? భోజనానికి లేవండి" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో నాకు తెలుసు గానీ, శంఖం ఊదినవాడికి ముద్దపప్పు, ఆవకాయ వడ్డించి పంపడం ఆ ఇంట్లోనే చూశాను. ఆ తరవాత ఎన్నిసార్లు వెళ్లానో చెప్పను. వెళ్లినప్పుడల్లా కాఫీ తాగేంత సేపు పటం చూపించి మళ్లీ అటకెక్కించేది. బస్సులో కనబడిన బందరువాళ్లు, మా అత్తవారి తరఫువాళ్లు, "అల్లుడుగారికి పెద్దత్తగారి మీద ఎంత భక్తో" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు కూడా నాకు అవమానంగానే ఉండేది.

మా అమ్మాయికి ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకొచ్చాం. వారం తిరక్కుండా పెద్దత్తగారు ఒక చేతిలో సంచీ, ఒక చంకలో రేకు గొట్టంతో బస్సు దిగింది. ఇక నేను అలిగి వరండాలో కూర్చున్నాను, తిండి మానేశానని మా ఆవిడ చెబుతుంది గానీ అది అబద్ధం, తగ్గించాను. ఆఖరికి పెద్దత్తగారే గొట్టం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "పురుడొచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఇష్టమొచ్చినట్టు కాపీ చేసుకోండి. పిల్ల నేలన పడ్డ రోజున మాత్రం నాకిచ్చెయ్యాలి." ఒప్పుకున్నాను. రెండు నెలలు పైగా టైముంది.

జిరాక్సు కొట్టువాడు తీసి చూపిస్తే సముద్రం బొగ్గులా నల్లగా వచ్చింది, అంకెలు అందులో మునిగిపోయాయి. గవర్నరుపేటలో ఇంజనీర్ల డ్రాయింగులకి అమ్మోనియా ప్రింటు తీసే మిషనుందని వెళ్తే, దాని యజమాని గుడ్డ అంచు వేళ్లతో నలిపి, "ఇది రోలర్లో చుట్టుకుంటే నా మిషను పోతుందండీ, మీరు బాధ్యత తీసుకుంటారా?" అన్నాడు. తీసుకుంటానని నోటిదాకా వచ్చింది, ఈలోగా పటం చుట్టుకుంటే ఏమవుతుందో తట్టి ఆగాను. ఫొటో స్టూడియోవాడు, "మనుషులెవరూ లేకుండా ఫొటో ఏంటి సార్, పక్కన మేడంగారిని నిలబెట్టండి" అని చమత్కారమాడి, తీరా తీసిన ఫొటోలో ఫ్లాషు వెలుగు సరిగ్గా ఇసుక మేట మీదే పడేట్టు తీశాడు. ఊళ్లో ఇన్ని మిషన్లుండి ఒక్కటీ పనికి రాకపోతే ఇక నా చెయ్యే దిక్కనుకున్నాను. నాజూకు పాళీ, నల్ల సిరా, ట్రేసింగు కాగితం కొని, పటం మీద పరిచి, ఆఫీసు నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం కూర్చున్నాను.

డ్రాయింగు నేర్పే పుస్తకాల్లో పద్ధతుంది. ముందు అంచు, తరవాత కొలబద్ద, దిక్కుల పువ్వు, ఆ తరవాత నేల, నేల మీది చెట్లూ ఇళ్లూ, అన్నీ అయ్యాక ఆఖర్న అంకెలు. ముందే అంకెలు వేస్తే చెయ్యి ఆని అలుక్కుపోతాయి. ఆ అంచేమో రెండు పేటల గొలుసు. ఒక్కొక్క లింకూ విడిగా గీయాలి. సాంబారు బావమరిది ఒకరోజు నా భుజం మీదుగా తొంగిచూసి, "ముందు అంకెలేసుకోండి బావగారూ, గొలుసుకేం తొందర? అదేమైనా మెళ్లో వేసుకుంటారా?" అన్నాడు. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడిపేవాడు నాకు పటాలు గీయడం చెప్పొచ్చాడు. ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ, "నేను ఆ రోజే చెప్పానుగా" అంటాడు. పద్ధతంటే పద్ధతే. ఆ పటం గీసిన పెద్దమనిషి కూడా అలాగే గీసి ఉంటాడు.

పిల్ల మూడు వారాలు ముందుగా పుట్టింది. ఆ సాయంత్రం నేను ఒడ్డు మీద తాడిచెట్లు పూర్తిచేసి, మొదటి అంకె వెయ్యడానికి పాళీ తుడుచుకుంటున్నాను. ఆస్పత్రికి పరుగెత్తాం. ఆడపిల్ల. పిడికెడుంది. డాక్టరమ్మ బాగానే ఉందంది గానీ, చర్మం పల్చగా ఉంది, మెత్తటి బట్టలు తప్ప ఏవీ వెయ్యొద్దంది. ఈ మాట అనడానికి ఆ డాక్టరమ్మకి వేరే రోజు దొరకలేదు. పెద్దత్తగారు నా వైపు చూడలేదు. అసలు ఏమీ అడగలేదు. అడిగితే వాదించడానికి నా దగ్గర చాలా ఉంది. మర్నాడు మా అమ్మాయి మంచం పక్కన కూర్చుని మెల్లిగా కదిపాను. "ఇంకో వారం ఆగితే అంకెలన్నీ ఎక్కించేస్తానమ్మా. నువ్వు చెబితే పెద్దమ్మమ్మ వింటుంది."

అది నా మొహంలోకి చూసి, "నాన్నా, ఆవిడ చేతులు చూశావా?" అంది.

"ఏం?"

"సూదిలో దారం ఎక్కించడానికి మొన్న ఎంతసేపు పట్టిందో తెలుసా? నన్ను ఎక్కించనివ్వలేదు. ఇంకో పిల్లకి కుట్టడం ఇక ఆవిడ వల్ల కాదు నాన్నా. ఇదే ఆఖరుది."

"ఇది కూడా ఆఖరుదే" అన్నాను. పటం సంగతి. అది మొహం గోడవైపు తిప్పుకుంది. నా కూతురికి నా మొండితనమే వచ్చిందని అందరూ అంటారు. అంత మంచి గుణం ఆ రోజు నాకెదురు తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో ఎండలో పీట వేసుకుని పెద్దత్తగారు కూర్చుని ఉంది. ముందు ఇత్తడి గంగాళం, అందులో గోరువెచ్చని నీళ్లు, పక్కన గిన్నెలో కుంకుడుకాయ రసం. పటం నా బల్ల సొరుగులో, తాళంచెవి నా జేబులో. ఆవిడకి ఆ సంగతి తెలుసు. నీళ్లు చల్లారితే మా ఆవిడ మళ్లీ వేడినీళ్లు తెచ్చి పోసింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే నేను గెలిచేవాణ్ణి. గదిలోకి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాను. మేట మీది అంకెలు చదువుకుంటూ వేళ్లు పెట్టి చూశాను. ఒక చివర వరసగా రాసిన అంకెలు కొద్దిగా వంకరగా ఉన్నాయి. గీసినాయన ఆ పూట అలిసిపోయి ఉంటాడు. మూడోసారి వేడినీళ్లు తెస్తున్న మా ఆవిడ కాళ్ల చప్పుడు వినబడింది. తాళం తీసి, పటం తీసుకెళ్లి పెద్దత్తగారి చేతుల్లో పెట్టాను. మనస్ఫూర్తిగా ఇచ్చానని ఎవరైనా అంటే అది వాళ్ల మంచితనం.

ఆవిడ దాన్ని రెండు చేతులతో నీళ్లలోకి దించింది. నిజంగానే ఆ చేతులు వణుకుతున్నాయి. నీళ్లలోకి వెళ్లాక వణుకు ఆగింది. ముందు నీలం మెరుపు పోయింది. గంజి తెల్లగా, జిగటగా విడిపోయింది. కాసేపటికి అంకెలు లేచాయి. ఎలా ఉన్నవి అలాగే, గుడ్డని వదిలేసి, ఒక్క క్షణం నీళ్ల మీద వరసగా నిలబడ్డాయి. ఏడు, ఆరున్నర, అయిదు... నేను వంగి చదవబోయాను. "అటు జరగండి అల్లుడుగారూ, వెలుతురుకి అడ్డొస్తున్నారు" అని ఆవిడ చెయ్యి పెట్టి కలియబెట్టింది. బందరు రేవు లోతులన్నీ బూడిదరంగు నీళ్లయిపోయాయి. ఆ నీళ్లు కరివేపాకు మొక్క మొదట్లో పోస్తుంటే కూడా నేను వద్దన్నాను.

రెండు రోజులు పట్టింది ఆవిడకి ఆ జుబ్బా కుట్టడానికి. కుట్లు వంకర టింకరగా ఉన్నాయి. పిల్లకి తొడిగి, తెచ్చి నా చేతుల్లో పెట్టి, "ఇదుగో మీ సముద్రం, తడవకుండా చూసుకోండి" అంది. మా వాళ్లంతా ఇల్లెగిరిపోయేట్టు నవ్వారు. నేను నవ్వలేదు. కళ్లజోడు సరిచేసుకుని బట్టంతా వెతికాను. ఎక్కడా ఒక గీత లేదు, చుక్క లేదు. అంత శుభ్రంగా ఉతికిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. దాని కింద పిల్ల గుండె పిచ్చుక గుండెలా టకటకా కొట్టుకుంటోంది. గుడ్డ ఎంత పల్చగా ఉందంటే, నా అరచేతికీ ఆ గుండెకీ మధ్య ఏమీ లేనట్టే ఉంది. ఎవరో తీసుకోబోతే, కాసేపు ఆగమన్నాను.

బారసాల అయ్యాక ఆ జుబ్బా నాకిమ్మని అడిగాను. న్యాయంగా నాకు రావలసిందే. కానీ అది ఉతికి ఆరేసి కంకిపాడులో ఇంకో పసివాడికి పంపించారు. అక్కణ్ణుంచి కొండపల్లిలో ఎవరి పురిటికో వెళ్లిందని విన్నాను. ఆ తరవాత ఎవరిని అడిగినా, "ఇంకా అదేనా బాబాయిగారూ" అంటారు. పెద్దత్తగారు మరి ఎవరికీ కుట్టలేదు. నేను కాపీ చేసిన కాగితం, ఎంతవరకు అయిందో అంతవరకే, అద్దం కట్టించాను. అంకెలు గుర్తున్నంత మేరకు వెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. చూడని లోతుని చూసినట్టు రాయడానికా నేను ఆడిట్‌లో పనిచేసింది? ఉన్నదాన్ని ఉన్నట్టుగా దాచాలని నాలాంటివాళ్లు ఎంత కొట్టుకున్నా, కాలం మా పెద్దత్తగారిలాగే గంగాళం ముందేసుకుని నోరెత్తకుండా కూర్చుంటుంది. ఏదో ఒక మధ్యాహ్నం మనమే లేచి వెళ్లి చేతికిచ్చి వస్తాం.